పులి కరవదు... పోరడు పడడు!

బొమ్మను కదిలించడం నేర్చుకున్న నాడే మనిషి దాన్ని సర్కస్‌కు తీసుకుపోయాడు. మాట వినని పిల్లవాణ్ని అక్కడ హీరోను చేశాడు. నూరేళ్ల కింద న్యూయార్క్‌లో కాగితాల మీద జరిగిన ఆ పనికీ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నేతవాడల్లో గుడ్డ మీద జరిగిన పనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

బాబీ బంప్స్ చూడ్డానికి ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. వెంట ఫైడో అనే కుక్క. ఇంట్లో అమ్మానాన్నల మాట వినడు, బయట ఊరందరి మాటా వినడు. 1915లో అమెరికా థియేటర్లలో తెరమీదికి వచ్చాడు. 1916లో సర్కస్‌కు పోయాడు. ఆ చిన్న చిత్రం పేరే ‘బాబీ బంప్స్ ఎట్ ద సర్కస్’. మాటల్లేవు, రంగుల్లేవు, నిడివి కొద్ది నిమిషాలే. గీసింది ఎర్ల్ హర్డ్. పత్రికలకు కార్టూన్లు వేస్తూ సినిమాలోకి వచ్చిన మనిషి.

అప్పటికే అల్లరి పిల్లలు అమెరికా పత్రికల్ని ఏలుతున్నారు. రుడాల్ఫ్ డిర్క్స్ గీసిన కాట్జెన్‌జామర్ కవలలు 1897 నుంచి ఆదివారం పేజీల్లో పెద్దవాళ్లను ఏడిపిస్తున్నారు. రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన బస్టర్ బ్రౌన్ 1902లో వచ్చాడు. వాడి పక్కనా ఒక కుక్క ఉంది. బాబీ ఆ వంశంలో పుట్టినవాడే. పత్రికల్లో కదలకుండా చేసిన అల్లరిని తెర మీద కదిలి చేశాడు, అంతే తేడా.

అల్లరి పిల్లవాడు సర్కస్‌కు పోవడంలో వింతేముంది? ఏ పిల్లవాడైనా పోతాడు. వింత వేరే చోట ఉంది. సర్కస్ ఒంటితో చేసే పని. తీగ మీద నడిచే అమ్మాయికి కాలు జారొచ్చు, ఊయల నుంచి ఊయలకు దూకే కుర్రాడికి చెయ్యి తప్పొచ్చు, బోనులో పులికి కోపం రావొచ్చు. టికెట్టు కొన్నవాడు ఊపిరి బిగబట్టేది అందుకే. గీసిన బొమ్మకు ఆ భయం లేదు. పడితే మరుసటి కాగితం మీద లేచి నిలబడుతుంది. పులి మింగితే నోట్లోంచి బయటికొస్తుంది. సర్కస్‌కు ప్రాణం లాంటి ఆపద బొమ్మలో ఉండదు. అయినా తొలినాటి బొమ్మల సినిమాలు మళ్లీ మళ్లీ సర్కస్ గుడారంలోకే ఎందుకు దూరాయి? ఆపద పోయిన చోట ఏం పెట్టి జనాన్ని కూర్చోబెట్టాయి?

బఫూన్‌తో మొదలు

సర్కస్ బొమ్మల సినిమాకు పుట్టుకతోనే వచ్చింది. బొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసే పద్ధతిలో తొలి ప్రయోగాల్లో ఒకటి ‘ద హంప్టీ డంప్టీ సర్కస్’. పంతొమ్మిదో శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో ఆల్బర్ట్ స్మిత్, స్టూవర్ట్ బ్లాక్‌టన్ అనే ఇద్దరు చిన్నపిల్ల ఆడుకునే చెక్క సర్కస్ బొమ్మలు తెచ్చి దాన్ని తీశారు. ఇప్పుడు ఆ చిత్రం దొరకదు. 1908లో ప్యారిస్‌లో ఎమిల్ కోల్ సుమారు 700 బొమ్మలతో ‘ఫాంటాస్మగోరీ’ తీశాడు. పూర్తిగా చేత్తో గీసిన తొలి బొమ్మల సినిమాగా చరిత్రకారులు చెప్పేది దాన్నే. అందులో హీరో ఒక బఫూన్. కాళ్లూ చేతులూ గీతలుగా ఉన్న ఆ బఫూన్ సీసాలోకి దూరతాడు, కింద పడి విరిగినా మళ్లీ లేస్తాడు.

ఆ తర్వాత మాక్స్ ఫ్లైషర్ సోదరులు వచ్చారు. నిజం మనిషి కదలికను ఫిల్మ్ మీద తీసి, దాని పైన కాగితం పెట్టి గీత గీత దించే యంత్రాన్ని మాక్స్ తయారు చేశాడు. దానికి పేటెంటు 1917లో వచ్చింది. కెమెరా ముందు ఎగిరి దూకిన మనిషి ఆయన తమ్ముడు డేవ్. కోనీ ఐలాండ్ వినోదాల వాడలో బఫూన్‌గా పనిచేసినవాడు. ఆ వదులు బట్టలే వేసుకుని ఎగిరాడు. ఆ గీతల్లోంచి కోకో అనే బఫూన్ పుట్టాడు. నిజమైన ఒళ్లు ఒక్కసారి ఎగిరితే బొమ్మ దాన్ని ఎన్నిసార్లయినా ఎగరగలదన్నమాట.

వీళ్లందరిలో సర్కస్‌ను లోపలి నుంచి అర్థం చేసుకున్నవాడు విన్సర్ మెక్‌కే. పత్రికల్లోకి రాకముందు సిన్సినాటిలో వింతల ప్రదర్శనశాలకు పోస్టర్లు వేసి బతికాడు. 1914 ఫిబ్రవరిలో షికాగోలోని ప్యాలెస్ థియేటర్ వేదిక మీద కొరడా పట్టుకుని నిలబడ్డాడు. వెనక తెర మీద ‘గెర్టీ’ అనే డైనోసార్. ఆయన రమ్మంటే గుహలోంచి తొంగి చూసింది. కాలెత్తమంటే ఎత్తింది. ఇదంతా సర్కస్‌లో సింహాన్ని ఆడించే వరస. ఆ తర్వాత గెర్టీ మాట వినడం మానేసింది. మధ్యలో చెట్టు నమిలింది, పక్కనే పోతున్న మామత్ ఏనుగును తోక పట్టి చెరువులోకి విసిరింది. ఆ ఏనుగు పేరు జంబో. అప్పట్లో ప్రపంచమంతా ఎరిగిన సర్కస్ ఏనుగు పేరు అది. మెక్‌కే గద్దిస్తే గెర్టీ చిన్నపిల్లలా ఏడ్చింది. జనం పడిపడి నవ్వారు.

బొమ్మల సినిమాకు దొరకాల్సిన జవాబు అక్కడ దొరికింది. సర్కస్ గుడారంలో జంతువు మాట వింటే చప్పట్లు. తెర మీద జంతువు మాట వినకపోతే చప్పట్లు. ఒంటికి ఆపద లేనప్పుడు క్రమశిక్షణలో గొప్పేమీ ఉండదు. బొమ్మ కాలెత్తడం ఏం గొప్ప? గీస్తే ఎత్తుతుంది. గీసినవాడికే ఎదురు తిరిగితే అది గొప్ప. ఆపద ఖాళీ చేసిన కుర్చీలో మెక్‌కే అల్లరిని కూర్చోబెట్టాడు. రెండేళ్ల తర్వాత బాబీ బంప్స్ సర్కస్‌కు పోయింది ఆ దారి వెంటే. కొరడాలు, కొలతలు, గంట కొడితే లేచి గంట కొడితే కూర్చునే లోకంలోకి ఒక్క పెంకి పిల్లవాణ్ని వదిలితే కథ దానంతట అదే నడుస్తుంది.

పడుగు ఒక్కటే, పేక ఎన్నిసార్లైనా

గెర్టీ కోసం పది వేల బొమ్మలు గీశానని మెక్‌కే చెప్పుకున్నాడు. డైనోసార్ ఒక్కటే గీస్తే సరిపోదు. దాని వెనకున్న కొండలు, చెరువు, రాళ్లు కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాలి. ఆ పని పక్కింటి కుర్రాడు జాన్ ఫిట్జ్‌సిమన్స్ మీద పడింది. కదలని కొండను వేలసార్లు దించడమే అతని ఉద్యోగం.

లెక్క చూడండి. మూకీల కాలంలో సెకనుకు 16 ఫ్రేములు. నిమిషానికి 960. ఐదు నిమిషాల బొమ్మకు 4,800. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా రెండు వేలకు పైగా గీయాలి. వారం వారం కొత్త బొమ్మ కావాలని థియేటర్ల వాళ్లు అడిగితే ఏ చిత్రకారుడూ ఇవ్వలేడు.

ఎర్ల్ హర్డ్ గొప్పతనం ఇక్కడ ఉంది. కొండను ఒక్కసారే గీసి కింద పెట్టు. కదిలే పిల్లవాణ్ని మాత్రం అవతలికి కనిపించే సెల్యులాయిడ్ రేకు మీద గీయి. రేకును కొండ మీద పరిచి ఫొటో తియ్యి. రేకు మార్చు, కొండ అక్కడే ఉంటుంది. ఇంతే ఆయన ఆలోచన. 1914 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1915 జూన్‌లో వచ్చింది. సిరిసిల్ల మనిషికి ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు అక్కర్లేదు. పడుగు మగ్గానికి ఒక్కసారి ఎక్కించాక అది అక్కడే ఉంటుంది, నాడె అటూ ఇటూ తిరిగి పేకను నింపుతుంది. హర్డ్ బొమ్మకు కొండే పడుగు, బాబీయే పేక.

బాబీని బడికి, చెరువుకు, సర్కస్‌కు తిప్పగలిగింది ఆ రేకు వల్లే. గుడారం ఒక్కసారి గీస్తే చాలు, పిల్లవాడు అందులో ఎంత గంతులేసినా ఖర్చు పెరగదు. కదలని చోటు, కదిలే పిల్లవాడు. బొమ్మల పరిశ్రమకు చవగ్గా దొరికే కథ అది. చాలా బాబీ చిత్రాలు ఒక చెయ్యి తెల్ల కాగితం మీద పిల్లవాణ్ని గీయడంతో మొదలవుతాయి. ఆ చెయ్యి తన యజమానిదని తెలిసీ పిల్లవాడు దాంతో తగవు పెట్టుకుంటాడు.

హర్డ్ తన హక్కును జాన్ రాండాల్ఫ్ బ్రే అనే నిర్మాతతో కలిపాడు. మిగతా స్టూడియోలు ఆ రేకు వాడాలంటే వాళ్లిద్దరి కంపెనీకి రుసుము కట్టాల్సి వచ్చింది. 1930ల మొదట్లో పేటెంట్లు ముగిసేదాకా ఈ వసూలు సాగింది. హర్డ్ చివరి రోజుల్లో డిస్నీ స్టూడియోలో కథల విభాగంలో పనిచేసి 1940లో చనిపోయాడు. ఆయన కనిపెట్టిన రేకు కంప్యూటర్లు వచ్చేదాకా ప్రపంచమంతటా బొమ్మల సినిమాను మోసింది. కంప్యూటర్లో ఇప్పుడు వాడే పొరల పద్ధతికి కూడా మూలం అదే.

ఒకే గడపకు రెండు ఆటలు

సర్కస్, బొమ్మ ఈ రెండూ వేర్వేరు పనులనీ, ఒకే ప్రేక్షకుడికి రెండూ కావాలనీ తెలుసుకోవడానికి మనకు న్యూయార్క్ దాకా పోయే పని లేదు. నేత పనిచేసే పద్మశాలీల వాడకు పోతే చాలు.

తెలంగాణలో చాలా కులాలకు తమ పురాణం చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. ముదిరాజ్‌లకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టిలు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు. పద్మశాలీలకు ఇద్దరున్నారు. ఒకరు కూనపులివారు. గుడ్డ మీద గీసిన పటం విప్పి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. ఇంకొకరు సాధనాశూరులు. కసరత్తులు, సాహసాలు, కనికట్టు చేసి చూపిస్తారు. ఇద్దరూ పద్మశాలీలనే అడుగుతారు, ఇంకొకరి గడప తొక్కరు. ఏ ఊరు ఎవరికన్నది మిరాశీ (తరతరాల హక్కు) లెక్కన పంచుకుని ఉంటుంది. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు రారు.

అంటే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలలో నేత కుటుంబానికి తన సొంత సర్కస్ ఉండేది, తన సొంత బొమ్మల ప్రదర్శన ఉండేది. రెండూ గడప దగ్గరికే వచ్చాయి. ఒకటి ఒంటిని పణంగా పెట్టింది. ఇంకొకటి గుడ్డను మాత్రమే పరిచింది. సాధనాశూరుల ఆట చూస్తూ పిల్లలు కళ్లు మూసుకున్న చోట, కూనపులివారి పటం ముందు కళ్లు పెద్దవి చేశారు.

పటం మీద ఎవరున్నారో చూడండి. మార్కండేయుడు. పదహారేళ్లకే ఆయువు తీరిందని యముడు పాశం పట్టుకుని వస్తే, రానని శివలింగాన్ని కౌగిలించుకున్న పిల్లవాడు. లోకంలో అందరూ వినే మాట ఒక్కటే ఉంది, అది యముడి మాట. ఆ ఒక్కటీ విననన్నాడు. ఆ తర్వాతి కథ భావనారుషిది. మార్కండేయుడి యజ్ఞగుండంలోంచి పుట్టి, విష్ణువు బొడ్డు తామర తూడు నుంచి నూలు తీసి, దేవతలకు తొలి బట్ట నేశాడు. సూర్యుడి బిడ్డ భద్రావతిని పెళ్లాడాడు. ఆయన వాహనం పులి. గుడారంలో పులిని స్టూలు మీద కూర్చోబెట్టడానికి కొరడాలు విరిగాయి. పటం మీద అది ఎప్పుడో వచ్చి దేవుడి కింద నిలబడింది.

జంధ్యాల పున్నమి వచ్చిందంటే మార్కండేయుడి గుళ్లు ఇవ్వాళ్టికీ పద్మశాలీలతో నిండుతాయి. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి దేశాన్ని ఆశ్చర్యపరిచిన ఊరు సిరిసిల్ల. వింతను చేత్తో చేయడం, వింతను బొమ్మలో చూడడం రెండూ ఆ వాడకు కొత్త కాదు.

కదలని బొమ్మను కదిలించిన గొంతు

పటాన్ని వేసేది నకాషీ చిత్రకారులు. వాళ్ల పేరు సిద్దిపేట జిల్లాలోని చేర్యాలతో ముడిపడి దేశమంతటా తెలిసింది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలు గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి బంక కలిపి పూత మీద పూత వేస్తారు. గుడ్డ గట్టిపడి బొమ్మ నిలిచే నేల అవుతుంది. దాని మీద నేరుగా కుంచెతో గీతలు. బొమ్మల వెనక అంతా ఎరుపు. ఒక్కో ఘట్టానికి ఒక్కో అడ్డపట్టీ, పట్టీకీ పట్టీకీ నడుమ పూల అంచు. మూడడుగుల వెడల్పుతో నలభై అడుగులు దాటిన పటాలున్నాయి. చుట్ట చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరగొచ్చు.

వరసగా పేర్చిన చట్రాలు, కింది నుంచి పైకి జరిగే పట్టీ. ఫిల్మ్ రీలును చూసినవాళ్లకు పటం వెంటనే పరిచయమైపోతుంది. తేడా ఎక్కడుందంటే, రీలు సెకనుకు పదహారు బొమ్మలు మారుస్తుంది. పటం ఒక్క బొమ్మ మీద గంట నిలుస్తుంది. ఆ గంటసేపు కదిలేవి కర్ర, గొంతు, తాళం. చెప్పేవాడి కర్ర యముడి పాశం మీద ఆగుతుంది. గొంతు పిల్లవాడిదవుతుంది, తల్లిదవుతుంది, యముడిదవుతుంది. హర్డ్ కదలనిదాన్నీ కదిలేదాన్నీ రెండు రేకులుగా విడదీస్తే, మన కథకులు ఎన్నో తరాల ముందే వాటిని గుడ్డగా, గొంతుగా విడదీశారు. గుడ్డ ఒక్కసారి గీస్తే చాలు, గొంతు ప్రతి ఊళ్లో కొత్తగా కదులుతుంది.

ఇంకొక తేడా కూడా ఉంది. అమెరికాలో ఆలోచన ఇద్దరి పేరున పేటెంటైంది, మిగతావాళ్లు రుసుము కట్టారు. ఇక్కడ హక్కు బొమ్మ మీద కాదు, ఊరి మీద. మిరాశీ ఉన్న ఊళ్లో పద్మశాలీ కుటుంబం కథ చెప్పినవారికి కట్నం ఇవ్వాలి. ఇవ్వడం ధర్మం, అడగడం హక్కు. పటం పాతబడి చిరిగితే పారేయరు. మనిషి పోయినట్టే కర్మ చేసి నీళ్లలో కలుపుతారు, కొత్తది వేయించుకుంటారు.

అల్లరికి మన పటాల్లో, తోలుబొమ్మల్లో చోటు లేదనుకుంటే పొరపాటు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రాముడి యుద్ధం నడుమ దూరి నవ్విస్తారు. వాళ్ల చేతులూ కాళ్లూ విడివిడిగా కత్తిరించి దారంతో కుట్టినవి. అందుకే రాజుల కంటే ఎక్కువ ఎగురుతారు. ఇవ్వాళ టీవీ కార్టూన్లలో ఒంటిని ముక్కలుగా గీసి కీళ్ల దగ్గర తిప్పే పద్ధతిదీ అదే సూత్రం.

ఇద్దరు భీములు

మన దగ్గర దాదాసాహెబ్ ఫాల్కే అనే దర్శకుడు 1915లో అగ్గిపుల్లలను ఒక్కొక్కటిగా జరిపి చిన్న చిత్రం తీశాడు. హర్డ్‌కు పేటెంటు వచ్చిన ఏడాదే అది. ఇప్పుడు దొరకదు. పెంకి పిల్లవాడు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన గీయలేదు. 1919లో ‘కాళీయ మర్దన్’కు తన కూతురు మందాకినినే చిన్నికృష్ణుణ్ని చేశాడు. మన తెర మీద అల్లరి పిల్లవాడి కుర్చీ అప్పటికే కృష్ణుడిది. పాము పడగల మీద చిందేసే పిల్లవాడి ముందు ఏ సర్కస్ నిలుస్తుంది? తెర మీద నవ్వించే ఆ ఆటకు కూడా ఒక చిన్నపిల్ల ఒళ్లు, ఒక కెమెరా కన్ను కావాల్సి వచ్చాయి.

అదే కాలంలో తెలుగునాట నిజమైన సర్కస్‌కు ఒక మనిషి పేరు మారుపేరైంది. కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సొంత సర్కస్‌తో దేశాలు తిరిగాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవాడు. కార్లను తాళ్లతో కట్టి ఆపేవాడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. ఇంగ్లండు రాజు ఐదో జార్జి ముందు ప్రదర్శన ఇచ్చాడు. జనం కలియుగ భీముడన్నారు. ఆ భీముడి కాలికి చివరి రోజుల్లో పుండుపడి, ఆ కాలే తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశాడు. ఒంటితో ఆడే ఆటకు లెక్క ఒళ్లే చెల్లిస్తుంది.

ఇంకో భీముడు హైదరాబాద్‌లోనే పుట్టాడు. రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను పోగో చానల్‌లోకి పంపింది. వాడు ఢోలక్‌పూర్ పిల్లవాడు. లడ్డూ తింటే బలం. పక్కన జగ్గు అనే కోతి. బాబీ పక్కన ఫైడో ఉన్నట్టే. 2012లో ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’ పేరుతో థియేటర్లకూ వచ్చాడు. కోరుట్లలో, మెట్‌పల్లిలో బీడీలు చుట్టే అమ్మల పక్కన కూర్చున్న పిల్లలకు తెలిసిన భీముడు వీడే. రామమూర్తి నాయుడు చేసినవన్నీ వీడూ చేస్తాడు. బండరాళ్లు ఎత్తుతాడు, ఏనుగులతో తలపడతాడు. ఎంత ఎత్తు నుంచి పడ్డా లడ్డూ తిని లేస్తాడు.

అదే 2008లో సింగీతం శ్రీనివాసరావు ‘ఘటోత్కచ్’ అనే బొమ్మల చిత్రం తీశారు. తెలుగువాడికి ఘటోత్కచుడంటే వివాహభోజనం, బలమైన మీసం. సింగీతం అతన్ని పసివాణ్ని చేసి, పక్కన గున్న ఏనుగును పెట్టారు. పిల్లవాడు, ఏనుగు, మాయ. చుట్టూ గుడారం ఒక్కటే లేదు. దానికి రెండేళ్ల ముందు బి. సత్య దర్శకత్వంలో వచ్చిన తెలుగు బొమ్మల చిత్రం ‘కిట్టు’ జాతీయ పురస్కారం గెలిచింది. దాని హీరో ఒక కోతి. పెంకితనం లేని హీరోతో బొమ్మ నడవదని తెలుగు దర్శకులకూ తెలుసు.

గుడారం ఖాళీ అయింది

గెర్టీ ఎదురు తిరిగితే జనం నవ్వారు. నిజం గుడారంలో ఎదురు తిరిగిన జంతువుకు, పిల్లలకు ఏం జరిగేదో కోర్టు కాగితాల్లో ఉంది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆడించి చూపించడాన్ని నిషేధించింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. పదేళ్ల తర్వాత పిల్లల వంతు వచ్చింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సర్కస్‌లలో పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇవ్వాలని, ఉన్న పిల్లలను విడిపించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇంటికి దూరంగా, చదువు లేకుండా, దెబ్బలకు భయపడి తీగ మీద నడిచిన పిల్లల సంగతి ఆ కేసులో బయటపడింది.

ఇప్పుడు లెక్క సరిచూసుకోవచ్చు. సర్కస్‌లో పులి పోయింది, పిల్లవాడు పోయాడు. ఇద్దరూ బొమ్మల్లో మాత్రం మిగిలారు. ఇది మంచి మార్పే. ఒక పిల్లవాడి మెడ విరుగుతుందేమోనన్న ఉత్కంఠను వినోదమనుకున్న కాలం ముగియాల్సిందే. 1914లో మెక్‌కే, 1916లో హర్డ్ తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఆ వినోదాన్ని ఎవరి ఒంటికీ నొప్పి తగలకుండా ఎలా ఇవ్వొచ్చో చూపించారు. పులిని కొట్టకుండా పులినెక్కిన దేవుణ్ని చూపించిన పటం అంతకు ఎంతో ముందే చూపించింది.

కానీ ఒక ముడి మిగిలింది. చట్టం పిల్లవాణ్ని తాడు మీద నుంచి దించింది. ఆ తాడు కట్టిన కుటుంబానికి వేరే బతుకు చూపించడం చట్టానికి చేతకాలేదు. డప్పు కొట్టి గడ నిలబెట్టే దొమ్మరి కుటుంబాలు, సాధనాశూరులు ఆట తగ్గి కూలికి పోయారు. పటం కథకుడిదీ అదే దారి. మగ్గం మరమగ్గమై రాత్రిపగలు తిరుగుతుంటే రాత్రుళ్లు కూర్చుని పురాణం వినే తీరిక ఎవరికుంది? పని కోసం భీవండికి, గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లల్లో కథ పెట్టించేదెవరు? చేర్యాల బొమ్మ మాత్రం బతికింది. గోడకు వేలాడే పటంగా, కీ చైన్‌గా, ముసుగు బొమ్మగా అమ్ముడవుతోంది. దాన్ని కదిలించిన గొంతుకు ఆ అమ్మకంలో వాటా లేదు.

హర్డ్ కథలో మనం పట్టించుకోవాల్సిన సంగతి ఇదే. ఆయన రేకును పేటెంటు చేసుకున్నాడు కాబట్టి, దాన్ని వాడిన ప్రతి స్టూడియో కొంతకాలం డబ్బు కట్టింది. కూనపులివారి మిరాశీ కూడా అలాంటి హక్కే. ఊరు మారింది, వాడ మారింది, హక్కు కాగితం మీదికి రాలేదు. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా బొమ్మలు గీసే స్టూడియోలున్నాయి, వాటిలో దేశవిదేశాల పని జరుగుతోంది. వాటిలో ఒక్కటి భావనారుషి పులిని కదిలించాలనుకుంటే గీతలు చేర్యాల నుంచి, గొంతు కూనపులివారి నుంచి తీసుకోవాలి. టైటిల్స్‌లో పేరు వేసి వదిలేస్తే చాలదు. కట్నం ఇవ్వాలి, ప్రతి ప్రదర్శనకూ వాటా ఇవ్వాలి. అడ్వాన్సు చేతికి రాకముందే పటం విప్పనని కథకుడు మొండికేస్తే, ఆ పెంకితనం బాబీ బంప్స్‌ది కాదు, నూటికి నూరుపాళ్లు న్యాయమైనది.